ఈస్ట్ పూసిన మల్లెలు

ఉత్త నీళ్ళను వాసన చూసి, "ఆహా, తెల్లవారుజామున కోసిన మల్లెపూలు" అన్న మనిషి మార్కాపురంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ సంగతి మీరు ఇంకెవరి నోటనో వినేకంటే నా నోటనే వింటే మసాలా కాస్త తక్కువగా అందుతుందని ముందే చెప్పేస్తున్నాను. మా ఆవిడ చెప్పే కథలో నేను కళ్ళు కూడా మూసుకుంటాను. అది అన్యాయం. సగమే మూసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అదే రోజు సాయంత్రానికి దాన్ని మించిన పని ఇంకొకటి చేశాను. మొదటిదానికి ముక్కు కారణం, రెండోదానికి నోరు. పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు ఒకరిని చూసి ఒకరు చెడిపోయినట్టు ఆ రోజు నా ముఖంలో ఇవి రెండూ చెడిపోయాయి.

నాది బేకరీ. బన్నులు, పఫ్‌లు, దిల్‌పసందులు, ఎవరైనా ముందురోజు చెబితే పుట్టినరోజు కేకులు. పడమటి ప్రకాశంలో ఉంటూ ఈస్ట్ మీద బతికేవాణ్ణి నేనని నా జోకు ఒకటి ఉంది. పాతికేళ్ళుగా చెబుతున్నాను, ఇంకా ఎవరూ నవ్వలేదు. నా దృష్టిలో ఈస్ట్ అంటే ఫ్రిజ్‌లో రెండో అరలో ఉండే పొట్లం. గోరువెచ్చని నీళ్ళలో చక్కెరతో కలిపితే నురగ కడుతుంది, పిండిలో వేస్తే పిండి పొంగుతుంది, వేయడం మరిచిపోతే ఆ రోజు బన్నులు గోడకు కొట్టినా విరగవు. ఇంతకు మించి దాని గురించి తెలుసుకోవాల్సింది ఉందని నాకెన్నడూ తోచలేదు. ఇంటికి పాలు పోసే మనిషి పూర్వీకుల గురించి మనం అడుగుతామా?

మా చెల్లెలి కూతురు బెంగళూరులో ఒక కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. మా చెల్లెలిది కొమరోలు. ఆ పిల్ల నాయన ఆ బోరు కింద కంది, ఈ బోరు కింద మిరప అని తిరిగే మనిషి. "మీ పిల్ల ఏం చేస్తది?" అని ఎవరైనా అడిగితే ఆయన, "మా బావ చేసేదే, కాకపోతే పెద్ద జీతానికి" అని చెప్పేవాడు. ఇద్దరమూ ఈస్ట్‌నే నమ్ముకున్నాం కాబట్టి ఆ మాట తప్పూ కాదు. అందుకే నేను కూడా ఆ పిల్ల ఏదో పెద్ద బ్రెడ్డు కంపెనీలో ఉందనుకుని ఊరుకున్నాను.

మొన్న మే నెలలో ఒక శుక్రవారం పొద్దున ఆ పిల్ల కొమరోలు నుంచి బస్సు దిగి, భుజాన ఒక ఐసు పెట్టె వేసుకుని నేరుగా బేకరీకి వచ్చింది. ఐస్‌క్రీమ్ తెచ్చిందేమోనని చెయ్యి చాచాను.

"ముట్టుకోవద్దు మామా. మల్లెపూలు ఉన్నాయి దీంట్లో."

"మల్లెపూలకు ఐసు పెట్టెనా? మన పూల బస్సు వాళ్ళు తడి గోనెసంచిలో తెస్తారు కదమ్మా."

"ఇవి చెట్టుకు పూసినవి కాదు మామా. ఈస్ట్ పూసినవి."

నేను వెనక్కి తిరిగి మా ఫ్రిజ్ వైపు చూశాను. ఇన్నేళ్ళలో అది నాకు ఒక్క పువ్వు కూడా ఇవ్వలేదు.

టీ తాగుతూ ఆ పిల్ల నాకు పాఠం మొదలుపెట్టింది. "నీ ఈస్ట్ ఏం తింటది మామా?"

"చక్కెర."

"తిని ఏం వదుల్తది?"

"గాలి."

"ఆ గాలితోనే కదా నీ బన్ను పొంగేది."

"అంటే నేను గాలి మీద బతుకుతున్నానంటావు."

"నా ఈస్ట్ కూడా చక్కెరే తింటది. కాకపోతే మల్లెమొక్క లోపల ఆ వాసన ఎట్ల తయారైతదో చూసి, ఆ వంట ఒక్కటీ మా ఈస్ట్‌కు నేర్పించినాం. మొక్కలో ఆ వంట చేసే రాత ఉంటది, దాన్ని దీంట్లోకి ఎక్కించినాం. ఇప్పుడు ఇది చక్కెర తిని మల్లె వాసన వదుల్తది. దాన్ని విడదీసి సీసాకు పట్టుకుంటాం. గంపలు గంపలు పూలు పోస్తే గానీ రానంత నూనె ఒక తొట్లోనే దిగుతది."

అది విన్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఈ వ్యాసంలో సిగ్గుకు చోటు మొదటి పేరాలోనే అయిపోయింది. "ఒక చిటికెడు ఇయ్యమ్మా. బన్నులో కలిపి చూస్తా. మల్లె బన్ను అంటే కురిచేడు నుంచి రైలెక్కి వస్తారు జనం."

"ప్రాణమున్న ఈస్ట్ ల్యాబ్ గడప దాటగూడదు మామా. అది దాటితే దాని వెనకాలే నేనూ దాటాల్సి వస్తది. నేను తెచ్చింది ఉత్త వాసన చుక్కలే."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. చెబుతున్నప్పుడు టీ గ్లాసును రెండు చేతులా తిప్పుతూనే ఉంది, తాగలేదు.

మల్లె వాసన అంటే ఒక్క వాసన కాదట. చాలా వాసనలు కలిసి కాపురం చేస్తే మల్లె. అందులో ఇండోల్ అని ఒకటుంది. అది విడిగా సీసాలో పట్టి చూస్తే దొడ్డి వాసన. మర్యాదగా చెప్పాలంటే మురుగు. అది కూడా పిసరంత ఉంటేనే మల్లె మల్లె అవుతుందట. ఈ పిల్ల రెండేళ్ళు కష్టపడి ఆ పిసరు మురుగును కూడా వదిలే ఈస్ట్‌ను తయారుచేసింది. వాళ్ళ సారుకు అది నచ్చలేదు. బెంగళూరులో వాసన చూడడానికి జీతం తీసుకునేవాళ్ళు కొందరు ఉంటారట (ఆ ఉద్యోగం గురించి నేను మరోసారి విడిగా అసూయపడతాను). వాళ్ళు కూడా "ఏదో మురికిగా ఉంది" అని తేల్చేశారు. మురుగు లేని శుభ్రమైన మల్లె ఇంకొకటి సారు చేయించాడు. అదే ఉంచుదామని, ఈ పిల్ల ఈస్ట్‌ను ఆపేద్దామని అంటున్నాడు. ఆపేస్తే ఈ పిల్లను నిమ్మకాయ సబ్బుల పనికి మారుస్తారు.

"రోజూ మల్లెపూలు పెట్టుకునేవాళ్ళను ఒకసారి అడిగి చూస్తాను సార్ అన్నా. సోమవారం దాకా టైమిచ్చినాడు. మన వీధి ఆడవాళ్ళకంటే నాకు ఇంకెవరు దొరుకుతారు మామా?"

రెండేళ్ళ పని మా వీధి ముక్కుల మీద ఆధారపడి ఉందని తెలిశాక నాకు ఛాతీ కాస్త పొంగింది. ఈస్ట్ లేకుండానే.

"ముందు నువ్వు చూడు మామా," అంటూ పెట్టె తెరిచి, పెళ్ళిపత్రిక అంచు కత్తిరించినట్టుండే సన్నటి కాగితపు పట్టీ ఒకటి తీసి, చిన్న సీసాలో ముంచి నా చేతికిచ్చింది. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. ఆహా అన్నాను, తెల్లవారుజాము అన్నాను, మా ఆవిడ సాక్షిగా "తొలకరి పడ్డ మల్లెపందిరి కింద నిలబడినట్టుంది" అని కూడా అన్నాను. మాకు మల్లెపందిరి లేదు.

"అది ఉత్త నీళ్ళు మామా," అంది మేనకోడలు.

మా ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "నీ తప్పు కాదు. మల్లె అని ముందే చెప్పినా కదా, నీ ముక్కు నా మాటను వాసన చూసింది. అందుకే ఎవరికీ ముందు చెప్పగూడదు. ఏం వాసన, ఎందుకు, ఎవరికి, ఏదీ చెప్పొద్దు. మూడు పట్టీలు ఇస్తా. ఒకటో నెంబరు సారుది, రెండు నాది, మూడు నీళ్ళు. సాయంత్రానికి మన వీధివాళ్ళను పిలువు మామా. పిలువు, అంతే."

పిలవడం వరకే నా పని. ఇంతకంటే సులువైన పని ఎవరికైనా ఉంటుందా?

మొదట ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. మా వీధికి ఆమె మాటే మాట. కొప్పులో పూలు లేకుండా ఆమెను నేను చూసింది లేదు. "పెద్దమ్మా, సాయంత్రం మా ఇంటికి రా. ఒక వాసన చూద్దువుగాని."

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది. "సబ్బుల స్కీమా?"

"కాదు."

"మనిషిని చేర్పిస్తే కుక్కరిస్తారే, అదా? పోయినేడు కనిగిరిలో మా మరదల్ని అట్లనే ముంచినారు. నువ్వు గూడా దిగినావా అబ్బయా ఈ పనికి? బన్నులు పోవడం లేదా?"

రెండో ఇంట్లో ఇదే ప్రశ్న. మూడో ఇంట్లో అసలు తలుపే తీయలేదు. వాసన చూడ్డానికి రమ్మంటే ఎవరూ రారు. ఎందుకో చెప్పకుండా రమ్మంటే ఇంకా రారు. అక్కడ, మూడో ఇంటి అరుగు మీద, నా బుర్రలో ఒక బుడగ లేచింది. వెనక్కి వచ్చి పెద్దమ్మతో అన్నాను: "అది కాదు పెద్దమ్మా. బెంగళూరు నుంచి మేనకోడలు మల్లె అత్తరు తెచ్చింది. మన వీధి అమ్మవారికి ఇద్దామని."

"అట్ల చెప్పు నాయనా ముందు!" అని పెద్దమ్మ అప్పుడే కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి పోయింది. మిగతా ఇళ్ళకు నేను పోనక్కర్లేకపోయింది. పెద్దమ్మే చెప్పింది.

సాయంత్రం మా వరండా నిండింది. అందరూ స్నానాలు చేసి, జరీ అంచు చీరలు కట్టుకుని వచ్చారు. మేనకోడలు ఆశ్చర్యంగా నా వైపు చూసి బొటనవేలు ఎత్తింది. నేను వినయంగా తల వంచాను. బేకరీలో నాతో పాటు పిండి కలిపే చెల్లెమ్మ కూడా ట్రేలు కడగడం ఆపి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

మేనకోడలు ఒక్కొక్కరికీ మూడేసి పట్టీలు ఇచ్చింది. "వాసన చూసి ఎట్లుందో చెప్పండి."

ఎవరూ చూడలేదు.

అందరూ పట్టీలను రెండు చేతులా పట్టుకుని, ముఖానికి దూరంగా, జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకున్నారు. ఒకావిడ గాలికి వాసన వస్తుందేమోనని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"చూడండి పిన్నీ, ఏం కాదు," అంది మేనకోడలు.

"అదేంది తల్లీ," అంది పెద్దమ్మ, "అమ్మవారికి పెట్టేదాన్ని మనం ముందు వాసన చూస్తామా? ఎంగిలి కాదూ?"

మేనకోడలు మెల్లగా నా వైపు తిరిగింది. ఈసారి బొటనవేలు లేదు.

"మామా, ఏం చెప్పినావు?"

"మల్లె అని చెప్పినా... అమ్మవారికని చెప్పినా..." అన్నాను. ఆ పిల్ల చెప్పొద్దన్న మూడింటిలో మూడూ అయిపోయాయని చెబుతున్నప్పుడే నాకు అర్థమైంది.

చివరి ఆశగా ఆ పిల్ల గుమ్మం దగ్గరి చెల్లెమ్మ వైపు చూసింది. "అక్కా, నువ్వన్నా చూస్తావా?"

"మా చర్చి సంఘంలో మేం పూలు పెట్టుకోం పాపా. వాసన చూడగూడదని ఏం లేదులే, ఇటియ్యి." పెట్టెలోంచి తీసిన కొత్త పట్టీలను చెల్లెమ్మ మూడింటినీ వరసగా చూసింది. ప్రతిదాన్నీ రెండుసార్లు చూసింది. "అన్నింట్లో వెనిల్లా వాసనే వస్తాంది అన్నా. పొద్దున్నుంచీ కేకు పిండిలో ఉన్నాయి నా చేతులు." పాపం, చేతులు చున్నీకి తుడుచుకుని మళ్ళీ చూసింది. మళ్ళీ వెనిల్లాయే.

ఈ చిక్కు విప్పింది మా ఆవిడ. "ముందు చూడగూడదు, అంతే కదా? అమ్మవారికి చూపించినాక ప్రసాదమే కదా? అప్పుడు కళ్ళకద్దుకుని చూడొచ్చు."

వరండా అంతా ఔనంది. మేనకోడలి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. పట్టీలన్నీ ఇత్తడి పళ్ళెంలో పేర్చి, పూజగదిలో అమ్మవారి పటం ముందు పెట్టారు. మా ఆవిడ అలవాటుగా అగ్గిపుల్ల గీసింది.

"అత్తా! కర్పూరం వద్దు!" అని మేనకోడలు పరుగెత్తింది. "ఆ వాసన పట్టుకుంటే అంతా పాయె!"

"సరే, ఊదొత్తి?"

"అయ్యో, వద్దత్తా!"

"దీపం?"

"నూనె వాసన..."

పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. "దీపం లేదు, ధూపం లేదు. ఇదేం పూజే తల్లీ? బెంగళూరు పూజనా?"

చివరికి గంట కొట్టి, చేతిలో నీళ్ళు పోసుకుని పళ్ళెం చుట్టూ తిప్పి వదిలారు. అమ్మవారు ఏమనుకుందో తెలియదు. పట్టీలు ప్రసాదమయ్యాయి. అందరూ కళ్ళకద్దుకుని, అప్పుడు, ఎట్టకేలకు, ముక్కు దగ్గరికి తెచ్చారు. మేనకోడలు ఊపిరి బిగబట్టింది.

"ఒకటో నెంబరు ఎట్లుంది?"

"బాగుంది."

"రెండోది?"

"బాగుంది తల్లీ."

"మూడోది?" అది నీళ్ళు.

"చానా బాగుంది."

"పెద్దమ్మా, దాంట్లో అసలు వాసనే రాదు కదా!"

"రాకపోతే ఏంది? ప్రసాదంలో ఉప్పు తక్కువైతే బాగలేదంటామా?" పెద్దమ్మ పట్టీలను మళ్ళీ కళ్ళకద్దుకుంది. "అంతా బాగుందని చెప్పు మీ సారుకు."

నీళ్ళను మల్లెలన్నవాణ్ణి మార్కాపురంలో ఒక్కణ్ణే అని మొదట్లో అన్నాను. పెద్దమ్మ వాళ్ళు దాన్ని మల్లెలనలేదు, బాగుందని మాత్రమే అన్నారు. కాబట్టి నా రికార్డు అట్లాగే ఉంది.

అందరూ పోయాక మేనకోడలు వరండా మెట్ల మీద కూర్చుంది. నేను ఒక బన్నులో జామ్ పెట్టి తెచ్చి పక్కన పెట్టాను. ముట్టలేదు.

"చూపించకముందు చూడరు. చూపించినాక చెప్పరు. ఇంత పక్కాగా చెడగొట్టాలంటే ఎవరికైనా కష్టం మామా. ఎట్ల చేసినావు?"

"నాకు తెలియకుండానే వస్తదమ్మా."

నవ్వుతుందేమో అనుకున్నాను. "రెండేళ్ళు మామా," అంది, అంతే. ఆ పిల్ల చిన్నప్పుడు కొమరోలు నుంచి వచ్చినప్పుడల్లా పిండి గిన్నె ముందు కూర్చుని, అది పొంగేదాకా కదిలేది కాదు. పొంగిన పిండిని వేలితో పొడిస్తే మెల్లగా దిగిపోతుంది కదా, అప్పుడు ముఖం ఎట్లా పెట్టేదో ఇప్పుడూ అట్లాగే పెట్టింది. పొడిచిన వేలు నాదే.

తెల్లవారి మా ఆవిడ తులసికోటకు నీళ్ళు పోయబోతూ పిలిచింది. "ఇదిగో, ఇటు రాండి. తులసమ్మ దగ్గర ఏందో నాటినారు."

ప్రసాదం పూలు తొక్కుళ్ళలో పడకూడదు కదా, అందుకని పోతూ పోతూ ఆడవాళ్ళు పట్టీలను తులసి మొదట్లో గుచ్చి పోయారు. తోటలో మొక్కల పక్కన పేర్లు రాసి పెట్టినట్టు నిలబడి ఉన్నాయి. మేనకోడలు గొంతు కూర్చుని వాటి చివర నెంబర్లు చూడడం మొదలుపెట్టింది. ఒకటి. మూడు. మూడు. ఒకటి. మట్టి కదిపి చూసింది. వరండాలో బల్ల కింద, చీపురు వెనక వెదికింది.

"మామా, రెండో నెంబరు ఒక్కటీ లేదు."

అప్పుడే పెద్దమ్మ పాలపాకెట్టు పట్టుకుని వీధిలో పోతోంది. ఆమె కొప్పులో నిన్నటి మల్లెపూల మూర పక్కన తెల్లటి కాగితపు ముక్క, పుస్తకంలో గుర్తు పెట్టుకున్నట్టు, బయటికి పొడుచుకుని ఉంది.

"పెద్దమ్మా! తలలో అదేంది?"

పెద్దమ్మ చెయ్యి గబుక్కున కొప్పు మీదికి పోయింది. "ప్రసాదం పారేస్తామా తల్లీ?"

"మిగతా రెండూ తులసమ్మకు ఇచ్చినావు కదా. ఇదెందుకు ఉంచుకున్నావు?"

పెద్దమ్మ ఆలోచించింది. నిజంగానే తనకు తెలియదన్నట్టు చూసింది. "ఏమో. తీయబుద్ధి కాలా."

ఇక ఆ పిల్ల ఆగలేదు. మజ్జిగ కావాలని ఒక ఇంటికి, సూది కావాలని ఇంకో ఇంటికి పోయింది. ఒకరు రెండో నెంబరును దిండు కింద పెట్టుకున్నారు. ఒక కోడలు పిల్ల ఫోను వెనక కవర్లో దాచుకుంది. ఒకావిడ చీరల పెట్టెలో వేసింది. మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని మేనకోడలు దాదాపు గెంతుతూ వచ్చింది. "నోటితో అన్నీ బాగున్నాయన్నారు మామా. చేతికొచ్చేసరికి దాచుకున్నది ఒక్కటే. ఏ ల్యాబ్‌లోనూ ఇట్ల తెలియదు!" తర్వాత నా వైపు చూసి, ఇదంతా నా తెలివి అనుకుంటానేమోనని, "నువ్వు చెడగొట్టినావు అనేది అట్లనే ఉంది," అని చేర్చింది.

సోమవారం ఫోన్ స్పీకర్లో పెట్టి వాళ్ళ సారుతో మాట్లాడింది. ఆయన తెలుగువాడే గానీ బొంబాయిలో పెరిగినవాడు. అంతా విని పెద్దగా నవ్వాడు. "ఇది డేటా కాదమ్మా, కథ. కాగితం జడలో పెట్టుకున్నారని ప్రాజెక్టు నడుపుతామా?" అన్నాడు. శుక్రవారం ఎట్లాగూ హైదరాబాదు నుంచి కార్లో వస్తాను, మీ ఊరి మీదుగా పోతూ ఒకసారి చూసి, ఆపే సంగతి తేలుస్తాను అన్నాడు. ఆ తర్వాత, "అన్నట్టు, నీళ్ళలో మల్లెపూలు కనిపెట్టిన మీ వాటర్ అంకుల్ కూడా ఉంటాడా?" అన్నాడు.

వాటర్ అంకుల్ అక్కడే ఉన్నాడు, స్పీకరు పక్కన.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. మంచి మనిషే. కాకపోతే చేతికి ఏది దొరికినా ముందు ముక్కుకు తగిలిస్తాడు. బన్ను ఇస్తే వాసన చూశాడు. టీ వాసన చూశాడు, గ్లాసు విడిగా చూశాడు. కుర్చీ మీద తువ్వాలు పరిస్తే దాన్నీ వదల్లేదు. వృత్తి అది. నేనూ ఎక్కడికి పోయినా బ్రెడ్డు నొక్కి చూస్తాను. కానీ నన్ను చూడగానే, "ఓ, మీరేనా వాటర్ అంకుల్!" అని నా బేకరీలో, నా గిరాకీల ముందు, చెయ్యి కలిపాడు. పఫ్ కొనుక్కోవడానికి వచ్చిన పిల్లలు ఆ పేరు అక్కడే నేర్చుకున్నారు.

ఆయన వీధి ఆడవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాడు. బయటినుంచి వచ్చిన పెద్దమనిషికి వంక చెబుతారా ఎవరైనా? "అన్నీ బాగున్నాయి సార్" అన్నారు. దాచుకున్న పట్టీల సంగతి అడిగితే సిగ్గుపడి లోపలికి పోయారు. ఆయన మేనకోడలితో, "చూశావా? తేడా ఏమీ చెప్పడం లేదు. ఇంక ఆపేద్దాం," అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఆ పిల్ల సరే సార్ అని, పట్టీలన్నీ పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆయనతో పాటే కార్లో బెంగళూరు పోవాలి. మూత సరిగా పడకపోతే నాలుగుసార్లు తీసి పెట్టింది.

కారు అమ్మవారి గుడి పక్కన ఆపి ఉంది. శుక్రవారం సాయంత్రం కదా, గుడి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. పెద్దమ్మ పళ్ళెం నిండా మల్లెపూల దండ పెట్టుకుని నిలబడి ఉంది. అమ్మవారి మెడకు సరిపడా లావుగా, అప్పుడే కట్టిన దండ. ఆయన దాన్ని చూశాడు. చూడగానే ఆయన చెయ్యి ముందుకు పోవడం నేను చూశాను. మేనకోడలూ చూసింది. "మామా" అన్నట్టు నా వైపు కళ్ళు పెద్దవి చేసింది. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ వారమంతా చెప్పకూడని మాటలన్నీ చెప్పిన నోరు నాది.

చెప్పలేదు.

ఆయన దండను రెండు చేతులా ఎత్తి, ముఖం అందులో పూర్తిగా ముంచి, తీరిగ్గా పీల్చాడు.

 వెంటనే పెద్దమ్మ అందుకుంది. "ఏందయ్యా నువ్వు, అంత చదువుకున్నోడివి! అమ్మవారికంటే ముందు నీకా? ఇంక ఇది అమ్మకు ఎట్ల వేస్తాం? పట్టు, నువ్వే వేసుకో! పోయి ఇంకొకటి కొనుక్కొని రా, పో!" ఆయన చెప్పులు విప్పి, ఎండకు కాలిన బండల మీద పూల అంగడికి పోయి, కొత్త దండ తెచ్చి, లెంపలు వేసుకుని ఇచ్చాడు. పాత దండ మెడలోనే ఉంది. కారు దగ్గరికి వచ్చాక దాన్ని తీసి నా చేతికివ్వబోయాడు.

"అయ్యో, తీయగూడదు సార్," అన్నాను. "గుడి ముందర పెద్దవాళ్ళు ఇచ్చిన దండ. మళ్ళీ ఇల్లు చేరేదాకా దగ్గరే ఉంచుకోవాలి. మా పక్క ఆచారం."

మేనకోడలు నా వైపు ఓరగా చూసి కారెక్కింది. ఆయన భయభక్తులతో దండను కారు ముందర అద్దం కింద పరిచాడు. అద్దాలన్నీ బిగించి, ఏసీ వేసుకుని గిద్దలూరు వైపు పోయారు.

మర్నాడు మధ్యాహ్నం బెంగళూరు నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. నల్లమల ఘాటు దిగేసరికే పూలు వాడడం మొదలుపెట్టాయట. నంద్యాల దాటాక సారు, "కార్లో ఏదైనా చచ్చిందా?" అని అడిగాడట. సీట్ల కింద వెదికాడట. తర్వాత దండను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడట. పట్టీలో తను వద్దన్న మురుగే అందులోనూ ఉంది. వెనక సీట్లోంచి పెట్టె అడిగి, రెండో నెంబరు పట్టీ తీసి, ఒకసారి దండ, ఒకసారి పట్టీ, ఒకసారి దండ, ఒకసారి పట్టీ. అనంతపురంలో టీ దగ్గర దిగినప్పుడు, "దాన్ని ఆపొద్దు, ఇంకో ఏడాది నడుపు," అన్నాడట. నిమ్మకాయ సబ్బులకు వేరేవాళ్ళను చూసుకుంటారట. చెబుతూ చెబుతూ ఆ పిల్ల రెండుసార్లు ముక్కు చీదింది. నేను కూడా బట్టీ పొగ కళ్ళలో పడిందని మా ఆవిడకు చెప్పాల్సి వచ్చింది.

"దండ ఇంకా ఉందా?" అని అడిగాను.

"ఇంటిదాకా తీసుకుపోయినాడు మామా. అద్దాలు దించుదాం సార్ అంటే, వద్దు, అమ్మవారు, అన్నాడు. తెల్లవారేసరికి ఆ కార్లో ఎవరూ కూర్చోలేకపోతున్నారంట." వెంటనే అడిగింది. "అవును గానీ మామా, ఇల్లు చేరేదాకా తీయగూడదనే ఆచారం మన పక్క ఎప్పట్నుంచి ఉంది?"

"నిన్న సాయంత్రం నుంచమ్మా," అన్నాను.